లెక్కల్లో తల్లి, కొట్టంలో మాంసం పంది

పందుల ఫారానికి బ్యాంకు అప్పు కోసం తయారుచేసే ప్రాజెక్టు రిపోర్టు ఏదైనా ఒకసారి తిరగేయండి. చూలు 114 రోజులు. పిల్లలు పాలు తాగేది ఎనిమిది వారాలు. పాలు మాన్పించాక మళ్లీ ఎదకొచ్చి చూలు కట్టడానికి వారం, పది రోజులు. వెరసి ఆరు నెలలు. అంటే ఏడాదికి రెండు ఈతలు, ఈతకు పది పిల్లలు, వంద తల్లులకు రెండు వేల పిల్లలు. గుణకారం బాగానే ఉంది. చిక్కంతా ఆ వంద తల్లులు ఎక్కణ్నుంచి వస్తాయన్న దగ్గరే. తల్లి పందులను ఎవరూ అమ్మరు. అమ్మారంటే వాటిలో ఏదో లోపం ఉన్నట్టే. రైతు కొనేది ఐదారు నెలల వయసున్న, ఇంకా ఒక్కసారి కూడా ఈనని ఆడపందుల్ని. ఫారాల్లో వాటిని గిల్టులంటారు. రిపోర్టు మాత్రం అవి లారీ దిగిన రోజు నుంచే వాటిని తల్లుల పద్దులో రాసేస్తుంది.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, ఇప్పుడు ప్రజాధనం ఈ లెక్కల మీదే నడుస్తోంది. 2021లో సవరించిన జాతీయ లైవ్‌స్టాక్ మిషన్ కింద వంద ఆడ, పది మగ పందుల యూనిట్‌కు కేంద్రం పెట్టుబడిలో సగం, గరిష్ఠంగా 30 లక్షల రూపాయలు రాయితీగా ఇస్తుంది. ఇంత ఊతమిస్తున్న రంగం పెరుగుతోందా అంటే, 2012లో 1.03 కోట్లున్న దేశంలోని పందులు 2019 పశుగణన నాటికి 90.6 లక్షలకు పడిపోయాయి. ఆ మరుసటి ఏడాదే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ ఈశాన్య రాష్ట్రాల్లో అడుగుపెట్టింది. రోగం సంగతి వేరు. రోగమేదీ లేకుండానే చూలు నిలవక, నిలిచినా నాలుగైదు పిల్లలే వేసి, రెండో ఈతకు రాకుండానే కబేళా చేరే పందుల గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. పంది ఎలాగూ సంపాదకీయ పేజీ దాకా వచ్చే జంతువు కాదనుకోండి.

దాణా దుకాణానికి వెళ్తే మూడు రకాల బస్తాలుంటాయి: స్టార్టర్, గ్రోయర్, ఫినిషర్. మొదటిది పాలు మానుతున్న పిల్లలకు, రెండోది ఎదిగే వాటికి, మూడోది త్వరగా బరువెక్కించి అమ్మేయడానికి. ఏడు నెలల ఆడపందికి ఇందులో ఏది? తల్లి కాబోయే పందికి కావలసింది కొవ్వు కాదు. గట్టి ఎముకలు, నిలబడే కాళ్లు, సకాలంలో ఎద, పాలిచ్చే చన్నులు. కానీ ఆ బస్తా దొరకదు. దొరికినా పది పదిహేను గిల్టులున్న రైతు వాటికోసం విడిగా కొనడు. మాంసానికి పెంచే వాటితో పాటే ఒకే గదిలో, ఒకే తొట్టెలో తింటూ గిల్ట్ పెరుగుతుంది. వందకిలోలు దాటాక వాటిని అమ్మేసి, మిగిలిన దాన్ని పోతు దగ్గరకు తోలుతారు. ఆ రోజు నుంచి అది తల్లి పంది.

మాంసం పందిలా పెరిగితే పోయేదేమిటి? మొదట పోయేవి కాళ్లు. ఎముక గట్టిపడకముందే కండ, కొవ్వు పేరుకుంటే ఆ భారం కీళ్ల మీద పడుతుంది. ఆడపందుల్ని మందలోంచి తీసేయడానికి చూలు నిలవకపోవడం తర్వాత పెద్ద కారణాల్లో కుంటితనం ఒకటి. కోస్తా జిల్లాల్లో దీనికి తవుడు కూడా తోడవుతుంది. తవుడులో భాస్వరం దండిగా, కాల్షియం అతి తక్కువగా ఉంటాయి. ఆ భాస్వరంలోనూ చాలా భాగం పంది పేగు విడదీసుకోలేని ఫైటేట్ రూపంలో ఉంటుంది. తవుడు, నూకల మీదే పెరిగిన గిల్ట్ చూడ్డానికి నున్నగా, నిండుగా ఉంటుంది. తొలి ఈతలో పాల కోసం ఒంట్లోని కాల్షియం బయటికి లాగాల్సి వచ్చినప్పుడు వెనక కాళ్లు ఈడుస్తుంది. దాణాలో కాస్త సున్నపురాయి పొడి, ఖనిజ లవణ మిశ్రమం కలిపితే ఆగే నష్టమిది. బరువు తూచి పందిని కొనే వ్యాపారికి ఎముక కనపడదు కాబట్టి రైతుకూ ఆ ఖర్చు వృథా అనిపిస్తుంది.

తర్వాత పోయేవి పాలు. కెనడాలోని షెర్‌బ్రూక్ పరిశోధన కేంద్రంలో శాంతాల్ ఫార్మర్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పంది పొదుగు మీదే పనిచేశారు. పాలు తయారుచేసే కణజాలం పెరిగేందుకు గిల్ట్ జీవితంలో రెండు కీలక దశలున్నాయి: మూడు నెలల వయసు నుంచి తొలి ఎద దాకా ఒకటి, చూలు చివరి నెలన్నర మరొకటి. మొదటి దశలో కడుపు మాడిస్తే ఆ కణజాలం ఎదగదు. రెండో దశలో అతిగా మేపి కొవ్వెక్కిస్తే పాల కణాల చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. చన్నులు పన్నెండో పద్నాలుగో ఉన్నాయని లెక్కపెట్టి ఎంపిక చేసుకున్న రైతుకు, ఆ చన్నుల వెనక ఏముందో పిల్లలు పుట్టి ఆకలితో అరిచేదాకా తెలియదు.

ఇదంతా ఎక్కువ తిన్న పంది కథ. పట్టణాల శివార్లలో నడిచేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ చుట్టుపక్కల చాలా ఫారాలు హోటళ్లు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్ల ఎంగిలి మీద బతుకుతున్నాయి. పందుల పెంపకం ఖర్చులో 70 శాతానికి పైగా దాణాదే కాబట్టి డబ్బు పెట్టక్కర్లేని తిండి దొరికితే రైతు వదులుకోడు, వదులుకోమనడమూ న్యాయం కాదు. కానీ డ్రమ్ములోకి తొంగిచూస్తే తెలుస్తుంది. పది కిలోల ఎంగిలిలో ఏడెనిమిది కిలోలు నీళ్లే. మిగిలిందాంట్లో అన్నం, నూనె, ఉప్పు, కారం. ఆదివారం బిర్యానీ, ఎముకలు వస్తాయి; సోమవారం సాంబారు మిగులు. కార్తీక మాసంలో మాంసం ముక్కలు తగ్గిపోతే ఆ నెలంతా పందికి మాంసకృత్తులూ తగ్గినట్టే. మాంసానికి పెంచే పంది ఈ ఒడిదుడుకులకు తట్టుకుంటుంది, ఓ నెల ఆలస్యంగా అయినా తూకానికి వస్తుంది. గిల్ట్ అలా కాదు. ఎదకు రావలసిన నెలలో తిండి తగ్గితే ఎద వెనక్కి పోతుంది. ఒకే కాన్పులో పుట్టిన నాలుగు ఆడపిల్లల్లో ఒకటి ఆరు నెలలకు, మరొకటి తొమ్మిది నెలలకు ఎదకొచ్చిందంటే తొట్టె దగ్గర ఏది ముందు నిలబడిందో చూడాలి. ఇక ఎంగిలిని ఉడికించకుండా పెట్టడం స్వైన్ ఫీవర్‌కు తలుపు తీయడమే. 90 డిగ్రీల వేడిలో కలియబెడుతూ గంటసేపు ఉంచాలన్నది ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ నియమం. అంత కట్టెల ఖర్చు భరించేదెవరో ఆ నియమం చెప్పదు.

పాత పద్ధతిలో ఈ సమస్య ఇంతగా ఉండేది కాదు. ఎరుకల కుటుంబాలు పెంచే నాటు పందులు పగలంతా తిరిగి వేళ్లు, పురుగులు, పొలాల్లో రాలిన గింజలు ఏరుకు తిని, సాయంత్రం ఇంటికొచ్చి కుడితి, తవుడు తినేవి. చిన్న ఒళ్లు, తొందరగా ఎద, ఈతకు నాలుగైదు పిల్లలు. ఆ తిండికి ఆ ఉత్పత్తి సరిపోయేది. ఇప్పుడు మనం పెంచుతున్నవి విదేశీ రక్తం ఎక్కిన పందులు. తిరుపతి పశువైద్య కళాశాలలోని పరిశోధన కేంద్రం తయారుచేసిన టి-17 సంకరజాతిలో 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్, పాతిక శాతం నాటు రక్తం. జాతిని మార్చుకున్నాం, ఈతకు పది పిల్లలు కావాలనుకున్నాం. మేపు మాత్రం సగం పాత అలవాటులోనే ఉండిపోయింది.

జత కట్టించే ముందు పదిహేను రోజుల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. రైతు చేతిలో ఉన్న అతి చవకైన అవకాశం అదే. ఆడపంది 21 రోజులకోసారి ఎదకొస్తుంది. తొలి ఎదలో విడుదలయ్యే అండాలు తక్కువ. రెండు, మూడో ఎదలకు పెరుగుతాయి. అందుకే తొలి ఎదను రాసిపెట్టుకుని వదిలేసి, రెండో దానికో మూడో దానికో జత కట్టించమంటారు. తొలి ఎద తర్వాత రోజుకు రెండు, రెండున్నర కిలోల కొలతలో మేపి, జత కట్టించాల్సిన ఎదకు పది పద్నాలుగు రోజుల ముందు దాణాను మూడు, మూడున్నర కిలోలకు పెంచితే ఒకటి రెండు అండాలు అదనంగా విడుదలవుతాయి. తిండి పెరగ్గానే రక్తంలో ఇన్సులిన్, ఐజీఎఫ్-1 హార్మోన్లు పెరుగుతాయి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ హార్మోన్‌ను మరింత తరచుగా వదులుతుంది. అండాశయంలో వాడిపోవలసిన కొన్ని అండాలు నిలదొక్కుకుంటాయి. ఒక షరతుంది: అంతకుముందు కొలతగా తిన్న పందిలోనే ఈ ఫలితం కనిపిస్తుంది. నెలల తరబడి ఫినిషర్ దాణా కడుపునిండా తింటున్న దానికి కొత్తగా పెంచడానికేమీ ఉండదు. పదిహేను రోజులు, రోజుకో కిలో చొప్పున పదిహేను కిలోల దాణాతో ఒకటో రెండో పిల్లలు కలిసొచ్చే ఈ వెసులుబాటు ఫినిషర్ బస్తా మీద పెరిగిన గిల్ట్ విషయంలో చేజారిపోతుంది.

జత కట్టించిన తర్వాత ఏం చేయాలన్న దాని మీద శాస్త్రవేత్తలే ఒక మాట మీద లేరు. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో జార్జ్ ఫాక్స్‌క్రాఫ్ట్ బృందం 1990లలో చేసిన ప్రయోగాలు గిల్టులకు ఆ రోజు నుంచే దాణా తగ్గించాలన్నాయి. తిండి ఎక్కువైతే కాలేయానికి రక్తప్రసరణ పెరిగి, చూలును నిలబెట్టే ప్రొజెస్టరాన్ త్వరగా ఖర్చయిపోతుంది, తొలి మూడు రోజుల్లోనే పిండాలు నష్టపోతాయి అన్నది వారి వాదన. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధనల్లో రక్తంలో ప్రొజెస్టరాన్ తగ్గినా పిండాలు తగ్గలేదు. అండాశయం నుంచి గర్భసంచికి ఆ హార్మోన్ దగ్గరి దారిలో నేరుగా చేరుతుంది కాబట్టి మెడ దగ్గర తీసిన రక్తపు చుక్క మొత్తం కథ చెప్పదన్నమాట. ఈ వివాదంలో మన రైతుకు పనికొచ్చేది ఒకటుంది: జత కట్టించాక గిల్ట్‌ను అతిగా మేపినా లాభం లేదు, బక్కచిక్కిన దానికి భయపడి తిండి కోసేయడమూ తప్పే. రెండు కిలోల చుట్టూ నిలకడగా పెట్టి, తొలి నెల రోజులు గది మార్చకుండా, కొత్త పందులతో కలపకుండా, ఎండలో వదలకుండా ఉంటే చాలు. విడుదలైన అండాల్లో పాతిక ముప్పై శాతం తొలి నెలలోనే పోవడం మామూలే. మనం చేయగలిగింది ఆ నష్టాన్ని పెంచకుండా ఉండడం.

చివరి నెలలో దాణా బాగా పెంచితే పిల్లల బరువు పెరుగుతుందన్న నమ్మకం రైతుల్లో గట్టిగా ఉంది. పెరిగేది ముప్పై గ్రాముల దరిదాపు. అందుకోసం తల్లిని కొవ్వెక్కించుకుంటే ఈనాక అది సరిగా తినదు. తొలి ఈత పంది అసలు సమస్య అక్కడే మొదలవుతుంది. పాలిచ్చే పందికి తన ఒంటికి రెండు కిలోలు, తాగే ఒక్కో పిల్లకు అరకిలో చొప్పున దాణా కావాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఎనిమిది పిల్లలుంటే ఆరు కిలోలు. తొలి ఈత పంది నాలుగు, నాలుగున్నర తినడమే గగనం. దాని కడుపు చిన్నది, పైగా ఇంకా ఎదిగే వయసు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద 40 డిగ్రీల వేడిలో ఆ కాస్తా తినదు. పాతిక డిగ్రీలు దాటినప్పటి నుంచే పాలిచ్చే పందికి ఆకలి మందగిస్తుంది. లోటును సొంత కండ కరిగించి పూడ్చుకుంటుంది. ఈనినప్పటి బరువులో పది పన్నెండు శాతం మించి కరిగిందంటే, పాలు మాన్పించాక వారంలో రావలసిన ఎద మూడు వారాలైనా రాదు, వచ్చినా రెండో ఈతలో పిల్లలు తొలి ఈత కంటే తక్కువ పడతాయి. రైతు మూడో వారం దాకా చూసి, "ఇది గొడ్డుపోయింది" అని అమ్మేస్తాడు. తెల్లవారుజామున, చీకటిపడ్డాక తడి దాణా పెట్టడం, రోజుకు ఇరవై ముప్పై లీటర్ల చల్లటి నీళ్లు అందేలా చూడడం, మెడ మీద చుక్కలుగా నీళ్లు పడే ఏర్పాటు – వీటితో ఆ పందుల్లో చాలావాటిని నిలబెట్టుకోవచ్చు.

నష్టం ఎంతో దాణా కిలోల్లోనే చూద్దాం. రెండు నెలల వయసు మొదలు తొలి ఈత దాకా ఒక గిల్ట్ తినేది సుమారుగా ఆరు వందల కిలోలు. ఏడు పిల్లలు వేసి అక్కడితో కబేళాకు పోతే, ఒక్కో పిల్ల నెత్తిన దాదాపు 86 కిలోల దాణా. అదే పంది ఐదు ఈతలు నిలిచి 45 పిల్లల్ని ఇస్తే పిల్లకు 13 కిలోలు. పాలిచ్చేటప్పటి తిండి ఇందులో కలపలేదు, కబేళాలో వచ్చే డబ్బూ తీసేయలేదు. అయినా ఫారం మిగిలేదీ మునిగేదీ ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో తేలిపోతుంది.

బూజు గురించి చెప్పకపోతే ఇది అసంపూర్ణం. వానకు తడిసిన మొక్కజొన్నను కోళ్ల దాణాకు వద్దన్నాక తక్కువ ధరకు పందులకు తోలేస్తారు. ఫ్యుజేరియం అనే బూజు అందులో జియరాలెనోన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది ఒంట్లోకి వెళ్లి ఈస్ట్రోజెన్ లాగా పనిచేస్తుంది. పశువులన్నిటిలో ఈనని ఆడపందికే దాని దెబ్బ ఎక్కువ. మర్మాంగం ఎర్రబడి వాస్తుంది, అచ్చం ఎదకొచ్చినట్టే. రైతు పోతును తోలుతాడు, పంది నిలవదు. మూడు నెలల ఆడపిల్లల్లోనూ అదే వాపు కనిపిస్తే అది ఎద కాదు, దాణా దోషమని అర్థం. నిజమైన ఎద పోల్చుకోవడం కష్టమేమీ కాదు. పోతు వాసన తగులుతుండగా పంది నడుము మీద రెండు అరచేతులతో గట్టిగా నొక్కితే ఎదలో ఉన్నది కదలక మెదలక, చెవులు నిక్కించి నిలబడిపోతుంది. వాపు చూసి కాకుండా నిలకడ చూసి నిర్ణయించాలన్న ఈ చిన్న పాఠం శిక్షణ శిబిరాల్లో చెప్తారు. చేత్తో చేయించి చూపించేది తక్కువ.

ఇక ప్రభుత్వం చేయగలిగింది. రాయితీ రెండు విడతల్లో వస్తుంది. రెండోది యూనిట్ పూర్తయిందని అధికారులు చూసి ధ్రువీకరించాక. ఆ తనిఖీలో షెడ్డు కొలతలు, పందుల తలలు లెక్కపెట్టడంతో సరిపెట్టకుండా ప్రతి ఆడపందికి వయసు, బరువు, తొలి ఎద తేదీ, జత కట్టించిన తేదీ అడగాలి. కాటా లేదంటే టేపు చాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుతో, ఆపైన 69.3తో గుణిస్తే బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 1.08, పొడవు 1.2 మీటర్లయితే 97 కిలోలు. మన సంకరజాతి గిల్ట్‌కు ఎనిమిది నెలలు నిండి ఈ బరువుంటే జత కట్టించవచ్చు. విదేశీ కంపెనీల పందులకైతే 135 కిలోలైనా ఉండాలి. రెంటికీ ఒకే పుస్తకం చూసి సలహా ఇవ్వడం వల్ల జరుగుతున్న నష్టమూ తక్కువ కాదు. దాణా దుకాణంలో నాలుగో బస్తా కోసం ఎదురుచూడనక్కర్లేదు. మొక్కజొన్న, తవుడు, సోయా చెక్క, ఎండు చేపపొడి స్థానికంగా దొరికేవే. గిల్టుల పాళ్లు వేరుగా రాసి పశువైద్యశాల గోడకు అంటించినా పని మొదలవుతుంది.

అన్నిటికంటే ముందు సరిచేయాల్సింది అప్పు వాయిదాల క్యాలెండర్. ఆరు నెలల గిల్ట్‌ను కొన్న రైతు దాన్ని సరిగ్గా పెంచాలంటే జత కట్టించడానికి రెండు నెలలు ఆగాలి. చూలు దాదాపు నాలుగు నెలలు. పిల్లలు పాలు మాని అమ్మకానికి రావడానికి మరో రెండు. ఒక్క రోజు వృథా కాకపోయినా చేతికి మొదటి రూపాయి వచ్చేది ఎనిమిదో నెలలో, పిల్లల్ని మాంసానికి పెంచి అమ్మేవారికైతే ఏడాది దాటాక. వాయిదా ఆరో నెలకే మొదలైతే ఏ రైతైనా చేసేది ఒకటే: తొలి ఎదకే, డెబ్బై ఎనభై కిలోల బరువుకే పోతును తోలతాడు. అతనికి తెలియక కాదు. యూనిట్ పెట్టించే శాఖ, అప్పిచ్చే బ్యాంకు కూర్చుని మారటోరియాన్ని పది పన్నెండు నెలలకు, అంటే పంది కడుపుకు సరిపడేలా రాసుకుంటే ఆ రెండు నెలలు ఆగడం రైతుకు సాధ్యపడుతుంది.